రంగస్థలమే పుట్టినిల్లు

పాతాళభైరవి సినిమా ఎన్నిసార్లు చూసుంటామో లెక్కలేదు. రామారావుగారు, ఎస్వీ రంగారావుగారు ఇప్పటికీ కళ్ళముందే మెదులుతారు. మరి తోటరాముడి తల్లిగా వేసినావిడ పేరేమిటంటే మనలో చాలామందిమి తడుముకుంటాం. ఆవిడే సురభి కమలాబాయి. 1951లో ఆ తల్లి వేషం కట్టేటప్పటికి ఆవిడ తెలుగు టాకీలో తొలి కథానాయికై రెండు దశాబ్దాలు కావస్తోంది. అంతకన్నా ముందు, మైకులు లేని రోజుల్లో, నాటకాల పందిట్లో నిలబడి పద్యం పాడిన గాయని ఆవిడ.

పాటే బతుకుతెరువు చేసుకుంటానని ఆడపిల్ల అంటే ఇవాళ్టికీ ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు మారతాయి. పేరంటంలో కీర్తన పాడితే అందరికీ ముచ్చటే. అదే పిల్ల డబ్బు తీసుకుని రాత్రిపూట స్టేజీ ఎక్కుతానంటే మాత్రం నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని భయం! ఇక నూరేళ్ళ కిందటి సంగతి వేరే చెప్పాలా?

పడమటి దేశాల్లో ఒపెరా అని ఒక కళ ఉంది. కథంతా పాటగానే నడుస్తుంది. పాడేవాళ్ళకి మైకు సాయం ఉండదు, వాద్యాల హోరు దాటుకుని గొంతు చివరి వరసదాకా వెళ్ళాలి. మనకి దానికి దగ్గరి చుట్టం పద్యనాటకమే. హార్మోనియం శ్రుతి అందుకుని, రాగం తీసి, భావం చెడకుండా పద్యం ముగించాలి. జనం వన్స్‌మోర్ అన్నారా, అంత పద్యమూ మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. అలా తెల్లవార్లూ! ఆ రోజుల్లో ఆడవేషాలు చాలావరకు మగవాళ్ళే కట్టేవారు. స్థానం నరసింహారావుగారి సత్యభామని ఎవరు మరిచిపోతారు? ఆయన ప్రతిభ సంగతి అటుంచితే, మన కథల్లోని సీతా, ద్రౌపదీ వేషాలు కట్టే అదృష్టం మన ఆడవాళ్ళకే లేకపోవడం మాత్రం చిత్రం కదూ!

ఆ తలుపు తెరిచిన కుటుంబం సురభి వారిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకంతో ఈ సమాజానికి శ్రీకారం చుట్టారు. కుటుంబమంతా కలిసి నాటకమాడటం వాళ్ళ పద్ధతి. కాబట్టి ఆడవేషాలు ఆ ఇంటి ఆడవాళ్ళే వేశారు. తల్లి నాయిక, తండ్రి రాజు, బిడ్డ లోహితాస్యుడు, మేనమామ తెర లాగే మనిషి... ఇల్లూ, రంగస్థలమూ వేరు కాదన్నమాట.

ఆ ఇంట్లో 1907 ప్రాంతంలో పుట్టారు కమలాబాయి. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. నిండు చూలాలైన వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు మొదలై, రంగస్థలం మీదే కమలాబాయి పుట్టారని చెప్పుకుంటారు. మనకి వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ తల్లి కష్టం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. తొమ్మిదో నెలలో కూడా కిరీటం బరువూ, పద్యం దమ్మూ తప్పలేదంటే నాటకం వాళ్ళకి కూడు పెట్టే పని కూడాను!

మనం పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినట్టు అక్కడ పద్యాలు వల్లె వేయిస్తారు. కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి బాలవేషాలతో మొదలుపెట్టి కమలాబాయి నాయిక వేషాలకి ఎదిగారు. ఇంతలో సినిమాకి మాట వచ్చింది. 1931 మార్చిలో తొలి హిందీ టాకీ ఆలం ఆరా విడుదలైంది. తరవాత హెచ్.ఎం.రెడ్డిగారు తెలుగులో భక్త ప్రహ్లాద తీయడానికి పూనుకున్నారు. ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి నాటకం. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కమలాబాయిది. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అది మొదట విడుదలైంది.

అప్పట్లో ఒకరు పాడితే ఇంకొకరు పెదవులు కదపడం ఇంకా రాలేదు. నటిస్తూనే పాడాలి, వాద్యాలవాళ్ళు కెమెరాకి కనబడకుండా దాక్కుని వాయించాలి. గొంతు లేనివాళ్ళకి అక్కడ చోటే లేదు. నాటకాల పందిట్లో సానపెట్టిన గొంతు కమలాబాయిని అలా బొంబాయికి చేర్చింది. అదే ఏడాది పాదుకా పట్టాభిషేకంలో సీత, శకుంతలలో శకుంతల. ఆపైన చాలా ఏళ్ళు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లో కూడా నటించారు. కడప సీమ నాటక సమాజంలో పుట్టిన ఆడపిల్ల, ఆ రోజుల్లో అంత దూరం వెళ్ళి, పరాయి భాషలో నిలదొక్కుకోవడం సామాన్యమా!

కాలం మారింది. నేపథ్యగానం వచ్చాక తెరమీది నటికి పాట రావాల్సిన అవసరం పోయింది. ఒకప్పటి నాయిక తల్లి వేషాలకి మళ్ళారు. 

సురభి మాత్రం ఆగలేదు. మా హిమాయత్‌నగర్ నుంచి (నగరం నడిబొడ్డున ఉన్నది కాదు, మొయినాబాద్ పక్కనున్న మా ఊరు) శేరిలింగంపల్లి మరీ దూరమేం కాదు. ఆ కుటుంబాల వాళ్ళ సురభి కాలనీ ఉన్నది అక్కడే. మాయాబజార్ ఆడుతుంటే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, టీవీ మాటే ఎత్తరు!

కమలాబాయి కథలో నన్ను ఆలోచింపజేసేది ఒక్కటే. ఆమెలాంటి గొంతు ఆ రోజుల్లో ఇంకెంతమంది ఆడపిల్లలకి ఉండి ఉంటుందో! వాళ్ళ పాట వంటింటి గోడలు దాటలేదు. ఈమెది దాటింది. తల్లి వేషం కడుతుంటే పక్కన తండ్రి, మేనమామ, అక్కచెల్లెళ్ళు ఉన్నారు. స్టేజీ ఎక్కడం తప్పని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మన ఇంట్లో పాడే పిల్ల ఉంటే సంగీతం మాస్టారిని కుదర్చడం సగం పనే. అది నలుగురిలో పాడిన రోజున, ఇల్లంతా కలిసి వెళ్ళి ముందు వరసలో కూర్చోవడం మిగతా సగం.