అందరికీ అన్నయ్య – న్యాయపతి రాఘవరావు గారు

ప్రత్యేక సంచికకు మన తరం వారందరికీ తెలిసిన ఒకరి గురించి వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు రేడియో అన్నయ్య. నేటి పిల్లలకు ఈ పేరు కొత్త. డెబ్భై దాటిన మనకు మాత్రం ఆ రెండు మాటలు వింటే చాలు, గూట్లో పెట్టిన పెద్ద రేడియో, దాని ముందు చాప మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్న ఇరుగుపొరుగు పిల్లలు కళ్ళ ముందు మెదులుతారు.

అన్నయ్య అసలు పేరు న్యాయపతి రాఘవరావు. 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. ఆనాడు ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. ఆయన సతీమణి కామేశ్వరి గారు 1908లో జన్మించారు. తరువాత రోజుల్లో ఆమే రేడియో అక్కయ్య అయ్యారు. ఒకరి పేరు చెబితే రెండోవారి పేరు దానంతట అదే వచ్చేటంతగా ఆ దంపతులు కలిసి పనిచేశారు.

1938లో మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు కూడా అక్కడినుంచే వచ్చేవి. విజయవాడ కేంద్రం రావడానికి ఇంకా పదేళ్ళు ఉంది. ఆ తొలి రోజుల్లోనే పిల్లల కార్యక్రమం బాధ్యత ఈ దంపతుల చేతికి వచ్చింది. అప్పటికి టేపు రికార్డర్లు లేవు. చాలామటుకు అప్పటికప్పుడు ప్రసారం కావలసిందే. తప్పు దొర్లితే దిద్దుకునే వీలు లేదు. పెద్ద కళాకారులే మైకు ముందు తడబడే రోజుల్లో ఎనిమిదేళ్ళు, పదేళ్ళు పిల్లలను కూర్చోబెట్టి పాట పాడించడం, కథ చెప్పించడం, నాటకం వేయించడం ఎంత ఓర్పుతో కూడిన పనో ఊహించుకోవచ్చు.

ఆ రోజుల్లో పిల్లలు పెద్దల మధ్య నోరెత్తడమే తప్పు. బడిలో బెత్తం, ఇంట్లో నాన్నగారి గొంతు, ఈ రెండింటికీ జడిసి పెరిగాం మనం. మాస్టారిని ఎదురు ప్రశ్న అడగలేం. అన్నయ్యను అడగవచ్చు, అక్కయ్య దగ్గర గారాలు పోవచ్చు. రేడియోలో వినిపించే ఇద్దరు పెద్దవాళ్ళు పిల్లలకు అన్నయ్య, అక్కయ్య కావడంలోనే వారి పద్ధతి అంతా ఉంది. పిల్లలకు నీతులు చెప్పడం కన్నా వాళ్ళు చెప్పేది వినడం ముఖ్యమని వారు నమ్మారు. 1940లో మద్రాసులో బాలానంద సంఘాన్ని స్థాపించడం, రేడియోలో బాలానందం నడపడం, అన్నీ ఆ నమ్మకం నుంచి వచ్చినవే.

1945లో ఆయన బాల అనే మాసపత్రిక మొదలుపెట్టారు. చందమామ రావడానికి రెండేళ్ళ ముందు మాట ఇది. యుద్ధకాలపు కాగితం కటకట తీరని రోజుల్లో పిల్లల కోసం బొమ్మలతో పత్రిక వేయడం సాహసమే. అందులో కథలు, గేయాలు, బొమ్మలు ఉండేవి. వాటికన్నా విశేషం, పిల్లలు వ్రాసినవి, పిల్లలు గీసినవి అచ్చులో వచ్చేవి.

ఆ మొదటి ఏడాదే ఇద్దరు పిల్లలు అందులో కనిపించారు. ఒకరిది ధవళేశ్వరం. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి వెంట మద్రాసు చేరి కష్టాలు పడుతున్న కుర్రవాడు. ఆయన మొదటి కథ, అమ్మ మాట వినకపోతే, బాలలో అచ్చయింది. రెండోవారిది నరసాపురం. తండ్రి మద్రాసులో వకీలు. పన్నెండేళ్ళు నిండకముందే ఆ అబ్బాయి గీసిన బొమ్మ బాలలో వచ్చింది. మొదటివారు ముళ్ళపూడి వెంకటరమణ గారు, రెండోవారు బాపు గారు. తరువాత బుడుగును మనకిచ్చిందీ, 1967లో సాక్షి మొదలుకొని అన్ని సినిమాలు తీసిందీ ఈ ఇద్దరే. ప్రతిభ వారిదే, సందేహం లేదు. కాని ఆ వయసులో వారి కాగితాన్ని చేతిలోకి తీసుకుని చదివిన పెద్దమనిషి ఒకరున్నారని మరువరాదు.

బాల పత్రిక 1950లు ముగిసేసరికి ఆగిపోయింది. అన్నయ్య పని మాత్రం ఆగలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ దంపతులు హైదరాబాదు చేరారు. ఇక్కడి రేడియోలోనూ అన్నయ్య, అక్కయ్య గొంతులు వినిపించాయి. నారాయణగూడలోని ఆంధ్ర బాలానంద సంఘంలో ఎన్నో ఇళ్ళ పిల్లలు పాట, ఆట, నాటకం నేర్చుకున్నారు. 1980లో అక్కయ్య కన్నుమూశారు. నాలుగేళ్ళకు, 1984లో అన్నయ్య కూడా వెళ్ళిపోయారు. అప్పటికి హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చి ఏడేళ్ళు. పిల్లలు రేడియో ముందునుంచి లేచి టీవీ ముందుకు చేరుతున్నారు.

ఇక నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నేను తపాలా శాఖలో పనిచేశాను. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండేది, ఏటా రుసుము తపాలా కచేరీలోనే కట్టాలి. కౌంటరు వెనక కూర్చుని ఎన్ని లైసెన్సు పుస్తకాల మీద ముద్రలు కొట్టానో లెక్కలేదు. ముద్ర వేసినప్పుడల్లా నా చిన్ననాటి నోటుపుస్తకం ఒకటి గుర్తుకు వచ్చేది. పదేళ్ళప్పుడు అందులో బొమ్మలతో ఒక కథ వ్రాసుకుని, అన్నయ్యకు పంపాలని దాచుకున్నాను. లెక్కలు చేసుకోకుండా ఈ పిచ్చిగీతలేమిటని మా నాన్నగారు దాన్ని పొయ్యిలో పెట్టారు. ఆయన తప్పేమీ లేదు, కాలం అటువంటిది. అయితే నేనూ అదే పని చేశాను. మా అబ్బాయి గీసిన బొమ్మలు చూసే తీరిక నాకు ఉద్యోగంలో ఏనాడూ దొరకలేదు, లేదా దొరకనివ్వలేదు.

పోయిన నెల మా మనుమడు నాలుగు గళ్ళ కాగితంలో ఏదో బొమ్మల కథ గీసి తెచ్చాడు. కుక్కో గుర్రమో తెలియడం లేదు. పేపరు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం వాడి చేత చెప్పించుకుని విన్నాను. అరగంట పట్టింది. వాడు వెళ్ళాక అన్నయ్య గుర్తుకు వచ్చారు.

పింఛను తీసుకునే మనకు ఇప్పుడు ఉన్నదల్లా తీరికే. రాఘవరావు గారు, కామేశ్వరి గారు జీవితాంతం పిల్లల కోసం ఖర్చు పెట్టింది కూడా దాన్నే. ఆ దంపతుల స్మృతికి నమస్కరిస్తూ, మన ఇళ్ళలో పిల్లలు కాగితం పట్టుకుని వచ్చినప్పుడు ఒక్కసారి కళ్ళజోడు అందుకోవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను.