సెక్వోయా మహాశయుడు

అమెరికా దేశపు ఆదిమజాతులలో చెరోకీయుల పేరు మన విద్యార్థులు వినియుందురు. వారి భాషకు లిపి నొసంగిన సెక్వోయా యించుమించు 1770 ప్రాంతమున, నేటి టెన్నెస్సీ రాష్ట్రమునందలి టస్కీగీ యను నదీతీరగ్రామమున జన్మించెను. ఆ గ్రామ మిప్పుడు నీటి క్రిందనున్నది. ఆ సంగతి ముందు చెప్పెదను.

అతడు కుంటివాడు, వెండిపనియు కమ్మరపనియు చేసి జీవించెను, ఇంగ్లీషు చదువనేరడు. తెల్లవారు కాగితముపై గీతలు గీసి దూరస్థులకు తమ తలంపు తెలుపుట చూచి, తనవారికిని అట్టి సాధనము కావలెనని పూనుకొనెను. మొదట మాటకొక గుర్తు కల్పింపజూచెను. అన్ని గుర్తులు జ్ఞాపకముంచుకొనుట యెవరి తరము? ఇరుగుపొరుగువారు అది చేతబడి యని శంకించిరి. కట్టకడపట మాటలను ధ్వనులుగా విడదీసి, 1821 నాటికి 86 అక్షరము లేర్పరచెను. గుణింతము నేర్చిన మన బాలురకిది సులభముగా బోధపడును. అయితే మన క, కి, కు లలో గల పోలిక యందు లేదు. ప్రతిదానికి వేరు రూపమే. తొలుత నేర్చినది అతని చిన్నికూతురు అయోకా. పెద్దలు తండ్రీబిడ్డలను వేరువేరుగా నుంచి పరీక్షించి గాని నమ్మలేదు. 1828లో వూస్టరను మిషనరీ తోడ్పాటుతో ఆ యక్షరములు పోతపోయబడి, చెరోకీ ఫీనిక్స్ పత్రిక వెలువడెను.

అక్షరము దొరికిన జాతికి భూమి దక్కలేదు. ఆ 1828లోనే సెక్వోయా ఆర్కన్సా చెరోకీయుల ప్రతినిధిగా వాషింగ్టను పోయి, అచ్చటి భూములు విడిచి పడమట వేరు భూములు గైకొను ఒడంబడికపై చేవ్రాలు చేసెను. గొప్పవాని చరిత్రమని దీనిని దాచరాదు. 1838-39లో తూర్పున మిగిలినవారిని ప్రభుత్వము బలిమిని వెడలగొట్టగా వేలకొలది త్రోవలో మరణించిరి. చేరినవారికిని ముందున్నవారికిని వైరము పుట్టినప్పుడు, ఇరువురిని ఏకము చేయుటకు సెక్వోయా పాటుపడెను. పిదప మెక్సికోలో నున్న స్వజనమును వెదకబోయి 1843లో అచ్చటనే మృతినొందెను.

1979లో టెల్లికో ఆనకట్ట కట్టగా టస్కీగీ మునిగెను. పూర్వుల సమాధులున్న చోటని చెరోకీయులు వేసిన వ్యాజ్యము ఫలింపలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ మాతృగ్రామమైన కిటువా స్థలమును, నార్త్ కరోలినాలో 309 ఎకరములు, తూర్పు చెరోకీయులు 1996లో కొనిరి. తమ పూర్వుల నేలకు తామే వెల చెల్లించుట యెంత వింత! 2016లో ఓక్లహోమాలోని చెరోకీ నేషనువారు సెక్వోయా నివాసస్థలమును ఆ రాష్ట్రమునుండి కొనిరి. 1829లో అతడు కట్టుకొనిన దుంగల యిల్లు అచ్చట ఒక రాతికట్టడము లోపల భద్రముగా నున్నది.