మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు - జపాను నేర్పిన పాఠము

గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగు కుటుంబమున, చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరున చదివి 1881లో పట్టభద్రులైరి. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున ప్రవేశించిరి.

ఆ కాలమున ఉన్నతవిద్య నాసించువారు ఇంగ్లండు వైపు చూచుచుండిరి. ఈయన మాత్రము 1898లో జపానునకు ప్రయాణమైరి. అప్పటికి ముప్పదియేండ్ల క్రిందట, 1868లో, ఆ దేశమున మెయిజీ చక్రవర్తి పాలన ఆరంభమైనది. 1871లో దొరతనమువారు పెద్ద రాయబారమును అమెరికా, ఐరోపాలకు పంపి అచ్చటి పద్ధతులను పరిశీలింపజేసిరి. 1872లో మొదటి రైలుబండి నడచినది. ఊరూర బడి యుండవలెనను శాసనమును ఆ యేడే వెలువడినది. పరదేశపు గురువులను గొప్ప జీతములిచ్చి రప్పించిరి; తమ యువకులు నేర్చిన పిమ్మట వారిని సాగనంపిరి. క్రొత్త శాస్త్రములను క్రమముగా తమ భాషలోనికి దెచ్చుకొనిరి.

ఈ మార్పునకు మూలము యంత్రము కాదు, బడియేయని విశ్వేశ్వరయ్యగారు గ్రహించిరి. 1908 నాటి మూసీ వరదల పిమ్మట హైదరాబాదు రక్షణకై ప్రణాళిక రచించి, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులకు దారి చూపినదియు ఆయనయే. 1912లో మైసూరు దివానులైనంతనే, తాము నేర్చిన పాఠమును ఆచరణలో పెట్టిరి. 1913లో మైసూరు బ్యాంకు స్థాపితమైనది. ఆ యేటనే నిర్బంధ ప్రాథమిక విద్యాశాసనము వచ్చినది. 1915లో బెంగుళూరున ప్రజాగ్రంథాలయము, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినవి.

అయితే జపాను కథలో వెలుగొక్కటే లేదు. 1873 నుండి రైతు శిస్తును రొక్కముగా చెల్లింపవలసివచ్చి అప్పుల పాలయ్యెను. పట్టు మిల్లులలో పేదరైతుల ఆడపిల్లలు తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు శ్రమించిరి. నేర్చిన విద్య యుద్ధమునకు దాస్యము చేయగా, 1945లో ఆ దేశము బూడిదయైనది.

విశ్వేశ్వరయ్యగారి పాలనయు వివాదము లేకుండ ముగియలేదు. వెనుకబడిన కులములవారికి కొలువులలో ప్రత్యేక స్థానములీయరాదని ఆయన తలచిరి. యోగ్యత తగ్గునని వారి భయము. తరతరములుగా బడి గడప తొక్కనీయక, ఇప్పుడు యోగ్యత నడుగుట న్యాయమాయని ఆ కులములవారు వాదించిరి. మహారాజు వారి పక్షము వహింపగా, 1918లో విశ్వేశ్వరయ్యగారు పదవి విడిచిరి. చదువే జాతికి ప్రాణమని చాటిన వారికే, ఆ చదువు అందనివారి బాధ పూర్తిగా తోచలేదేమో! మహనీయుల జీవితమునుండి వారి గెలుపుతోపాటు ఈ కొరతయు మనము నేర్వదగినదే.

1955లో భారతరత్నమై, నూరేండ్ల నిండు జీవితము గడపి 1962లో ఆయన కీర్తిశేషులైరి.

కృష్ణకాలువ నీరు పైచేలకే చాలునని కట్టివేసినచో చివరి చేను ఎండును. దుగ్గిరాల రైతునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. విద్యయు నట్టిదే. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయపు తలుపు అందరికిని తెరచియుండుటలోని యర్థమిదియే. చివరి యింటి బిడ్డ చేతికి పుస్తకమందిన నాడే ఈ రజతోత్సవము సార్థకమగును.