ఆటకు చదువు నేర్పిన ఉపాధ్యాయుడు: రహీం సాహెబ్

పోటీల ప్రకటన నోటీసు బోర్డుపై వెలసిన నాడు బాస్కెట్‌బాల్ బంతికి గాలి కొట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. పదిహేను రోజుల సాధనతో కప్పును ఆశిస్తాము. ఓడితే అదృష్టాన్ని నిందిస్తాము. ఇట్టి మనకు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం కనువిప్పు కాగలదు. ఆయన రంగం ఫుట్‌బాల్. కాని ఆయన పాఠం ఆటలన్నింటికీ వర్తిస్తుంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల క్రీడల బాధ్యతను చేపట్టారు. 1943 నుండి తుదిశ్వాస వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా సేవలందించారు.

లోపాన్ని దాచుకోక దానినే సాధనగా మలచుకొనుట ఆయన శిక్షణలోని విశిష్టత. బంతిని కాలి వద్దనే అట్టిపెట్టుకొనే అలవాటును మాన్పుటకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపారు; ఆటగాళ్లు వెంటనే తోటివానికి బంతి అందించడం నేర్చుకొన్నారు. బలహీనమైన కాలితోనే తన్నవలెనన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. రెండు కాళ్లూ సమానంగా పదునెక్కాయి. పొట్టి పిల్లలు వెనుకబడిపోకుండా ఎత్తు పరిమితితో వేరుగా పోటీలు ఏర్పరచారు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం సాధించింది.

విజయముల నడుమ ఘోర పరాజయమూ ఉన్నది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవారు పలువురు బూట్లు లేకుండానే ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడారు. అటుపిమ్మట దేశంలో బూట్లతో ఆడుట తప్పనిసరి అయింది. నాలుగేండ్లకు, 1956లో మెల్‌బోర్న్‌లో, అదే భారతదేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశమైంది. పరాజయానికి సాకు వెదకక సాధన వెదకినందుకు దక్కిన ఫలమిది.

1962 నాటికి రహీం సాహెబును ఊపిరితిత్తుల క్యాన్సరు పీడిస్తున్నది. అయినను జట్టుతో జకార్తా వెళ్లారు. తొలి మ్యాచిలో దక్షిణ కొరియా 2–0తో గెలిచింది. రక్షణ ఆటగాడు జర్నైల్ సింగు తలకు గాయమైంది. రహీం అతనిని ఫార్వర్డు స్థానంలో నిలిపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాపై పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగు చెరొక గోలు కొట్టగా భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల స్వర్ణం దక్కలేదు.

బాస్కెట్‌బాల్ పుట్టుకలోనే ఈ సత్యం ఇమిడి ఉన్నది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, చలికాలంలో సాధన ఆగిపోరాదనియే జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించారు. సాధన ఆగకుండుటకు పుట్టిన ఆటను మనము పదిహేను రోజుల సాధనతో ఆడబూనుట విడ్డూరం కాదా?

రహీం పద్ధతిని మన కోర్టులో అనుసరింతము. వానకాలంలో పరుగు, దండీలు, బస్కీలతో దేహాన్ని దృఢపరచుకొందాము. చలికాలంలో డ్రిబ్లింగ్ లేని ఆట, ఎడమచేతితోనే వేసే షాట్లు సాధన చేద్దాము. పోటీలు ముగిసిన వేసవిలో ఎండ ముదరకముందే, తెల్లవారుజామున, గురి తప్పిన చోట్లను సరిదిద్దుకొందాము. దీనికి కావలసినది పెద్ద ధనం కాదు. విద్యార్థుల పట్టుదల, కళాశాల కమిటీ వారి అండ. ఒక బడిపంతులు దేశానికి స్వర్ణం తెచ్చిన దారి మన ఎదుటనే ఉన్నది.