కారెల్ చాపెక్: వందేళ్ల కిందటే రోబోల తిరుగుబాటు కథ రాశారు.. ఆయన ఇంటి తలుపు కొట్టింది మాత్రం మనుషులే!

రోబో అనగానే మనకు గుర్తొచ్చేది చిట్టి. 2010లో వచ్చిన ఆ రజనీకాంత్ సినిమాలో మనిషి చేసిన రోబో చివరికి మనిషి మీదకే తిరగబడుతుంది. ఇప్పుడు ఏఐ పేరు చెబితే చాలామందికి కలిగే భయం కూడా ఇదే. మరి రోబో అనే మాట అసలు ఎక్కడ పుట్టింది? ఏ ల్యాబ్‌లోనో కాదు.. ఓ నాటకంలో! ఆ నాటకం రాసిన చెక్ రచయితే కారెల్ చాపెక్.

డాక్టర్ గారి ఆఖరి అబ్బాయి

చాపెక్ 1890 జనవరి 9న బొహీమియాలోని ఓ చిన్న ఊళ్లో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రి డాక్టర్. అక్క హెలెనా, అన్న జోసెఫ్ తర్వాత ఇంట్లో కారెలే చిన్నవాడు. జోసెఫ్ బొమ్మలు వేసేవారు. అన్నదమ్ములిద్దరూ కలిసి కథలు, నాటకాలు కూడా రాశారు.

కారెల్ ప్రాగ్‌లో ఫిలాసఫీ చదివి 1915లో డాక్టరేట్ అందుకున్నారు. కానీ కుర్రతనంలోనే వెన్నెముక జబ్బు పట్టుకుంది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. దాంతో మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి వెళ్లలేదు. మెషిన్ గన్‌లు, విషవాయువులు లక్షల మందిని బలి తీసుకున్న యుద్ధం అది. తన ఈడు వాళ్లు తిరిగి రాలేదు.. ఆయన మిగిలారు.

పేరు పెట్టింది అన్నయ్యే

యుద్ధం ముగిశాక 1920లో చాపెక్‌కు ఓ నాటకం ఆలోచన వచ్చింది. ఓ ఫ్యాక్టరీ పని చేసే మనుషులను తయారుచేసి అమ్ముతుంటుంది. మరి వాళ్లను ఏమని పిలవాలి? లేబర్ అనే అర్థం వచ్చేలా లాబోరి అని అనుకున్నారు. అది మరీ పుస్తకాల భాషలా తోచింది. అన్న దగ్గరికెళ్లి అడిగారు. నోట్లో కుంచె పెట్టుకుని బొమ్మ వేస్తున్న జోసెఫ్.. రోబోట్లు అని పెట్టుకోమని చెప్పి మళ్లీ పనిలో పడిపోయారు. ఈ సంగతి తర్వాత కారెలే పేపర్లో రాసి, ఆ ఘనత మొత్తం అన్నకే ఇచ్చేశారు.

చెక్ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరీ. 1848 దాకా అక్కడి రైతులు జమీందార్ల పొలాల్లో చేసి తీరాల్సిన పని. తెలంగాణలో దొరల కింద జనం చేసిన వెట్టి లాంటిదన్నమాట.

నాటకంలో ఏం జరుగుతుంది?

నాటకం పేరు ఆర్.యు.ఆర్. ఇందులోని రోబోలు ఇనుముతో చేసినవి కావు. రసాయనాలతో తయారైన రక్తమాంసాలు, చూడ్డానికి అచ్చం మనుషులే. చవగ్గా దొరుకుతాయి, అలుపు లేదు, ఎదురు చెప్పవు. ప్రపంచమంతా పని వాటికే వదిలేస్తుంది. ప్రభుత్వాలు వాటి చేతికి తుపాకులు ఇస్తాయి. మనుషులకు పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. చివరికి రోబోలు తిరగబడి మనుషులందర్నీ చంపేస్తాయి. ఒక్క ఆల్‌క్విస్ట్‌ను మాత్రం వదిలేస్తాయి. కారణం.. తమలాగే అతనూ చేతులతో పని చేస్తాడు!

1921 జనవరిలో ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఈ నాటకం వేశారు. 1922లో న్యూయార్క్, 1923లో లండన్ చేరింది. 1938లో బీబీసీ ఇందులో కొంత భాగాన్ని టీవీలో చూపించింది. టీవీలో వచ్చిన తొలి సైన్స్ ఫిక్షన్ అదే అంటారు. అయితే తన రోబోలను ఇనుప బొమ్మలుగా మార్చేయడం చాపెక్‌కు అస్సలు నచ్చలేదు. 1935లో దీనిపై పేపర్లో రాశారు కూడా.

హిట్లర్‌కు ఎదురు నిలిచి..

ఆ తర్వాత చాపెక్ భయం మనుషుల వైపు మళ్లింది. పక్కనే జర్మనీలో హిట్లర్ బలపడుతున్నాడు. 1936లో సాలమాండర్లతో యుద్ధం నవల, 1937లో తెల్ల జబ్బు నాటకం.. రెండింటిలోనూ ఆ నియంతృత్వాన్ని ఏకిపారేశారు. నోబెల్‌కు ఏడుసార్లు నామినేట్ అయినా ప్రైజ్ మాత్రం రాలేదు.

1938 సెప్టెంబర్‌లో మ్యూనిక్ ఒప్పందంతో చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలు హిట్లర్ చేతికి వెళ్లాయి. కోపం చల్లార్చుకోవడానికి సొంత దేశంలోనే కొందరు చాపెక్ మీద పడ్డారు. తిట్ల ఉత్తరాలు, బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. దేశం విడిచి వెళ్లే దారి ఉన్నా ఆయన కదల్లేదు. చలికాలంలో తోటపని చేస్తుండగా జలుబు చేసింది. అది న్యుమోనియాగా మారింది. 1938 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లే.

1939 మార్చిలో జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చేసింది. నాజీల రహస్య పోలీసులు గెస్టపో అరెస్టు చేయడానికి చాపెక్ ఇంటికి వెళ్లారు. ఆయన చనిపోయి నెలలు గడిచాయన్న సంగతే వాళ్లకు తెలియదు. నటి అయిన భార్య ఓల్గానే ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

అన్న మాత్రం దొరికిపోయారు. 1939 సెప్టెంబర్ 1న జోసెఫ్‌ను అరెస్టు చేశారు. ఖైదీలతో వెట్టి చేయించే నాజీ క్యాంపుల్లో ఐదున్నరేళ్లు గడిపారు. 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో ప్రాణాలు విడిచారు. ఏ తేదీన చనిపోయారో ఎవరూ రాసిపెట్టలేదు. ప్రాగ్‌లోని విషెహ్రాడ్ శ్మశానంలో కారెల్ సమాధి ఉంది. అదే శ్మశానంలో జోసెఫ్‌కూ ఓ సమాధి కట్టారు. కానీ అందులో ఆయన లేరు. రోబోకు పేరు పెట్టిన మనిషికి అక్కడ మిగిలింది పేరే.