సాలారుజంగు దివానుగిరి

లంచగొండితనమును నిందించుట సులభము. దాని వేరెచ్చట నున్నదో వెదకుట కష్టము. ఉద్యోగుల యవినీతిని గూర్చి సభలలోను పత్రికలలోను వినవచ్చు నాక్రోశము న్యాయమైనదే. కాని జీతములేని యుద్యోగియు, లెక్కలేని ఖజానాయు, కొలతలేని భూమియు నున్న రాజ్యమున నీతిబోధ మాత్రము పనిచేయజాలదు. ఈ సత్యమును ముప్పదియేండ్ల దివానుగిరిచే నిరూపించినవాడు హైదరాబాదు ప్రధాని మొదటి సాలారుజంగు. ఆయన సాధించిన దానిని, సాధింపలేకపోయిన దానిని గూడ పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

మీర్ తురాబ్ అలీఖాను 1829వ సంవత్సరము జనవరి 21వ తేదీన జన్మించెను. దివానుగిరి ఆయన కుటుంబమునకు క్రొత్త కాదు. మీర్ ఆలం, మునీరుల్ ముల్కు, సిరాజుల్ ముల్కు అనువారు ఆ వంశసంబంధముచేతనే నిజాముల కొలువున ప్రధానులైరి. తండ్రి బాల్యముననే గతింపగా పితృవ్యుడగు సిరాజుల్ ముల్కు సంరక్షణలో పెరిగెను. యౌవనమున కొన్ని నెలలు ఖమ్మం ప్రాంతమునకు తాలూక్‌దారుగా నుండెను. తెలంగాణపు రైతును, అతని చెఱువును, అతనినుండి శిస్తు వసూలగు తీరును స్వయముగా చూచుట కాతని కది తొలి యవకాశము.

ఆనాటి పరిపాలన యెట్టిదో కొంచెము వివరింపవలసి యున్నది. భూమిశిస్తు వసూలుచేయుటకు రాజ్యమునకు స్వంత యుద్యోగవర్గమే లేదు. తాలూకాలను గుత్తకిచ్చుచుండిరి. గుత్త పొందినవానికే తాలూక్‌దారని పేరు. అతడు నజరానా సమర్పించి, కొంత సొమ్ము ముందుగా చెల్లించి, పిమ్మట రైతునుండి పిండగలిగినంత పిండుకొనుచుండెను. మఱియొకడు హెచ్చుపాట పాడినచో తన గుత్త యెప్పుడు పోవునో యెఱుగడు గావున, గట్టు తెగినను తూము పూడినను బాగుచేయించుటకు వాని కక్కఱలేకుండెను. ముందుగా చెల్లించు సొమ్ము అప్పుసొమ్మే. అప్పిచ్చువారు షావుకార్లు, అరబ్బు జమాదారులు, రోహిలాలు. ఆ యప్పులకు తాలూకాలే తాకట్టు. కంచెయే చేను మేయుచుండగా శిస్తునకును లంచమునకును నడుమ గీత గీయుట యెవరికిని సాధ్యము కాకుండెను.

ఈ దుస్థితి యొక్కనాట వచ్చినది కాదు. చందూలాలు అధికారకాలమున పామర్ కంపెనీయొద్ద చేసిన ఋణము రాజ్యమును క్రుంగదీసెను. ఉత్తర సర్కారుల నిమిత్తము ఇంగ్లీషు కంపెనీవారు నిజామునకు యేటేట చెల్లింపవలసిన పేష్కషును 1823లో శాశ్వతముగా వదలుకొని, వచ్చిన మొత్తముతో ఆ యప్పు తీర్చవలసివచ్చెను. తుదకు నిజాము ఆభరణములు సైతము తాకట్టునకు పోయెను. కంటింజెంటు సైన్యపు జీతముల బాకీ నెపముగా 1853 మే నెలలో కంపెనీవారు బీరారును, రాయచూరు దోఆబును, నల్‌దుర్గ ప్రాంతమును తమ యధీనము చేసికొనిరి. ఆ సంధి జరిగిన కొలదిదినములకే సిరాజుల్ ముల్కు మరణించెను. ఖాళీ ఖజానాతోను, తెగిపోయిన రాజ్యభాగముతోను ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీఖాను దివానయ్యెను.

ఒక్క శాసనముతో నంతయు మార్చుటకు ఆయన పూనుకొనలేదు. మొదట ఋణదాతలతో బేరమాడెను. కొంత కొంతగా అప్పు తీర్చుచు, తాకట్టుపడిన తాలూకాల నొక్కొక్కటిగా విడిపించుకొనెను. విడిపించిన తాలూకాను మరల గుత్తకీయక, నెలజీతము పొందు తాలూక్‌దారును నియమించెను. పేరు పాతదే, పని క్రొత్తది. వసూలైన సొమ్ము ఖజానాకు చేరవలెను, ఖర్చు ఖజానానుండియే కావలెనను నియమ మేర్పడెను. అంతకుముందు లెక్కల దఫ్తరులు వంశపారంపర్య హక్కుగా రెండు కుటుంబముల చేతులలో నుండుటచే, దివానునకు తన రాజ్యపు టాదాయమును తెలిసికొనుటయే దుర్లభమై యుండెను. ఆయన సర్కారువారి స్వంత లెక్కల కచ్చేరీని నెలకొల్పెను. పలుచోట్ల ప్రైవేటు టంకశాలలు వేయుచుండిన నాణెములకు బదులుగా హాలీ సిక్కాను వ్యాప్తికి దెచ్చెను.

తరువాతి మెట్లు క్రమముగా వచ్చెను. 1864లో శిస్తు వ్యవహారములకు పెద్దసభ యేర్పడెను. 1865లో జిలాబందీ ప్రారంభమయ్యెను. 1867 నాటికి రాజ్యమును అయిదు సుబాలుగను, పదునేడు జిల్లాలుగను విభజించి, సుబేదారులను, తాలూక్‌దారులను, తహశీలుదారులను నియమించిరి. ధాన్యమును కళ్లములో పంచుకొను బటాయికి బదులుగా రొక్కపు శిస్తు వచ్చెను. కళ్లమున కుప్పలు కొలుచునపుడు జరుగు మోసమెంతయో పల్లెటూరివారికి మేము చెప్పనక్కఱలేదు. 1868లో న్యాయము, శిస్తు, పోలీసు, ఇతర వ్యవహారములు అను నాలుగు శాఖలకు నలుగురు సదరుల్ మహాములు నియమితులైరి. భూముల సర్వే బొంబాయి పద్ధతిని మొదట మహారాష్ట్ర జిల్లాలలో నారంభింపబడి పిమ్మట తెలంగాణమునకు వ్యాపించెను. ఈ పనులలో నేదియు ఘోషించి చెప్పదగినంత యాశ్చర్యకరమైనది కాదు. కాని జీతము, ఖజానా, లెక్క, కొలత యను నీ నాలుగును కుదిరిన పిమ్మటనే దొంగను దొంగయని నిర్ధారించుటకు ఆ రాజ్యమున నాధారమేర్పడెను.

ఆయన జీవితమున మాకు సమ్మతము గాని ఘట్టమును మఱుగుపఱచుట యుచితము గాదు. 1857వ సంవత్సరము జూలై 17వ తేదీన తుర్రెబాజు ఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున జనులు హైదరాబాదు రెసిడెన్సీని ముట్టడింపగా సాలారుజంగు బ్రిటిషువారి పక్షము వహించెను. తుర్రెబాజు ఖాను చంపబడెను. మౌల్వీ అండమానునకు పంపబడెను. ఫలముగా 1860లో రాయచూరు దోఆబు, నల్‌దుర్గ ప్రాంతము తిరిగివచ్చెను; ఏబది లక్షల ఋణము రద్దయ్యెను. ఆయన కోరుచుండిన బీరారు మాత్రము రాలేదు. 1876లో ఇంగ్లాండునకు పోయినపుడు ఘనసన్మానములు లభించెను గాని బీరారు దక్కలేదు. పరాయిప్రభుత్వమునకు చేసిన సేవకు ప్రతిఫలము ఆ ప్రభుత్వపు సౌకర్యమునుబట్టియే యుండునని ఆయన యనుభవమే చెప్పుచున్నది.

స్వదేశమునను ఆయనకు సుఖము లేదు. అఫ్జలుద్దౌలా నిజాము దివానును శంకించుచునే యుండెను. అనుజ్ఞలేనిదే దివాను పట్టణము దాటుటకు వీలులేకుండెను. 1859లోను 1868లోను ఆయన ప్రాణములు తీయ యత్నములు జరిగెను. 1869లో నిజాము మరణింపగా, మూడేండ్లయిన నిండని మహబూబు అలీఖాను గద్దెకు వచ్చెను. సాలారుజంగు రాజప్రతినిధులలో నొకడయ్యెను.

ఇక ఆయన చేయలేకపోయిన పనుల సంగతి. జాగీరులు, సంస్థానములు, నిజాము స్వంతభూములగు సర్ఫెఖాసు, దివానీ పరిపాలనకు వెలుపలనే నిలిచిపోయెను. పాతకాలమున శిస్తు వసూలుచేసిన దేశముఖులను, దేశపాండ్యాలను ఆ పనినుండి తప్పించి వారికి రుసుములిచ్చిరి. అధికారము పోయినను భూమియు పలుకుబడియు వారి చేతులలోనే మిగిలెను. కొలత వచ్చినపుడు మేలైన భూములను తమ పేర వ్రాయించుకొనుటకు వారికి తెలివియు సాధనములును నుండెను. గ్రామమున పటేలు పట్వారీలు వంశక్రమముగనే యుండిరి. కచ్చేరీ భాష పారశీకము. రైతు భాష తెలుగు, మరాఠీ, లేక కన్నడము. తన పేర నేమి వ్రాయబడెనో రైతు చదువలేని దఫ్తరున లంచమునకు చోటెప్పుడును కలదు. తెలంగాణమున వెట్టిచాకిరి వ్యవస్థయు, 1946లో ప్రజ్వరిల్లిన రైతుల తిరుగుబాటును ఆకస్మికముగా పుట్టినవి కావు. వాని బీజములలో కొన్ని ఈ యసంపూర్ణ సంస్కరణలోనే యున్నవని మా యభిప్రాయము. జాగీరులు రద్దగుటకు 1949 వఱకు వేచియుండవలసివచ్చెను.

1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలారుజంగు విషూచివలన గతించెను. ఆయన మరణించిన మూడేండ్లకే వచ్చిన గనుల వ్యవహారము ఆయన కట్టడమున కెంత బలమున్నదో పరీక్షించెను. 1886లో రాజ్యపు గనుల హక్కును ఇద్దఱు తెల్లదొరల కిచ్చిరి. లండనులో కంపెనీ లేచెను. వాటాలలో మిక్కిలి భాగము హక్కుదారులకే చేరెను. రాజ్యము తరఫున వాటాలు కొనిన అబ్దుల్ హక్ అను నున్నతోద్యోగి తన స్వంత వాటాలనే సర్కారునకు అంటగట్టెనని వెల్లడియయ్యెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు ఉపసంఘము దీనిని విచారించెను. చెఱువుగట్టు క్రింద గుత్తదారుడు చేయు మోసమును పట్టుటకు సాలారుజంగు యంత్రమును నిర్మించెను గాని, లండను వాటాపత్రములను చదివి మోసమును కనిపెట్టగల కచ్చేరీ యింకను పుట్టలేదు. అంతవఱకును ఆ వివేకము ఒక్క దివాను బుద్ధియందే యుండెను, ఆయనతోడనే పోయెను.

ఒక మహాపురుషుడు నిర్మలుడైన మాత్రమున ప్రభుత్వము నిర్మలము కాదు. ఆయన తెలిసికొనినది పదిమంది యుద్యోగులకు తెలియవలెను. వారు వ్రాసినది ప్రజలు చదువగలుగవలెను. అవినీతి యెల్లప్పుడును ప్రభుత్వమునకు తెలివి చాలనిచోటనే నివాసమేర్పఱచుకొనును. గుత్తను తెలిసికొనునప్పటికి అది తాకట్టులోనికి పోవును. తాకట్టును విడిపించునప్పటికి వాటాపత్రములోనికి ప్రవేశించును. కావున లంచగొండిని శిక్షింపుడని కోరు పౌరుడు, తన యూరి భూమిలెక్క యెవరి చేత నున్నది, అది యే భాషలో నున్నది, దానిని పరిశీలించువా డెవడు అని కూడ నడుగవలెను. సాలారుజంగు మొదటి రెండు మెట్లు కట్టెను. ప్రజలు చదివి ప్రశ్నించు మూడవ మెట్టును ఏ దివానును తానొక్కడై కట్టజాలడు.