దేహములోని మీటలను లెక్కించిన బొరెల్లి

బరువైన బండను కదల్పదలచిన పనివాడు గునపపు మొనను దాని క్రిందికి చొప్పించి, చేరువనే ఒక చిన్న రాతిని ఆధారముగా నుంచి, రెండవ కొనను అదుమును. కొద్ది బలముతో గొప్ప భారము లేచును. మీట యొక్క ఈ ధర్మమును మన విద్యార్థులు తరగతిలో చదివియే యున్నారు. మన దేహమందలి ఎముకలును మీటలే. కీళ్లు వానికి ఆధారములు; కండరములు వానిని లాగు బలములు. అయితే ఈ మీటలు పనివాని గునపమువలె మనకు బలమును మిగుల్చుచున్నవా? మిగుల్చుట లేదని లెక్క వేసి చూపిన ఒక మహనీయుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జొవాన్ని అల్ఫోన్సో బొరెల్లి 1608వ సంవత్సరము జనవరి 28వ తేదీన ఇటలీ దేశమందలి నేపుల్సు నగరమున జన్మించెను. అప్పుడా నగరము స్పెయిను రాజుల యేలుబడిలో నుండెను. బొరెల్లి తండ్రి వారి సేనలో భటుడు. బొరెల్లి రోమునకు పోయి, గెలీలియో శిష్యుడగు కాస్టెల్లి యొద్ద గణితము నభ్యసించెను. పిమ్మట సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో ఉపాధ్యాయుడై, 1656లో పీసా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడయ్యెను. అచట మాల్పీగీ యను వైద్యునితో స్నేహము కలిగెను. సూక్ష్మదర్శనితో దేహభాగములను పరిశోధించి కీర్తి గాంచినవా డితడే. వైద్యుని చెలిమి గణితజ్ఞుని దృష్టిని జంతుదేహములవైపు త్రిప్పెను. పడెడు రాతికిని తిరిగెడు గ్రహమునకును గణితము వర్తించునప్పుడు, నడచు మనుష్యునకును ఎగురు పక్షికిని ఏల వర్తింపరాదని బొరెల్లి తలచెను.

దేహమున మూడు విధములగు మీటలును గలవు. తల వెన్నెముక కొనపై నిలిచియున్నది. ముఖభారము ముందునకు వాల్చుచుండగా మెడ వెనుక కండరములు దానిని నిలుపుచున్నవి. ఆధారము నడుమనున్న మీట యిది. మునివ్రేళ్లపై నిలుచునప్పుడు పాదపు ముందుభాగము ఆధారము, చీలమండపై దేహభారము, మడమను పైకి లాగు పిక్కకండరము బలము. ఇది భారము నడుమనున్న మీట. ఇక మోచేయి ఆధారముగా ముంజేతిని ఎత్తునప్పుడు బలము నడుమ నుండును. నిప్పును పట్టు పట్టకారు ఈ జాతిలోనిదే.

ఈ మూడవదానిని చక్కగా పరిశీలింపుడు. జబ్బలోని కండరము ముంజేతి యెముకకు మోచేతినుండి సుమారు 2 అంగుళముల దూరమున అంటియున్నది. అరచేయి సుమారు 14 అంగుళముల దూరమున నున్నది. అరచేతిలో 10 పౌనుల బరువు నుంచినచో, చేతి స్వంత బరువును విడిచినను, కండరము 70 పౌనుల బలముతో లాగవలెను. ప్రకృతి స్వల్పబలముతో గొప్ప భారములను మోయుచున్నదని పూర్వికులు నమ్మిరి. సత్యము దానికి విపరీతమని బొరెల్లి కనుగొనెను. మరి ఈ నష్టమునకు ప్రతిఫలమేమి? కండరము ఒక్క అంగుళము కుదించుకొనగా చేయి ఏడంగుళములు కదలును. బలమును వెచ్చించి వేగమును కొనుచున్నాము. చెండును విసరుటకు చేయి సమర్థమైనది ఇందువలననే.

ఈ లెక్కతోనే అతడు మనుష్యుడు రెక్కలు కట్టుకొని తన కండబలముతో పక్షివలె ఎగురజాలడనియు వాదించెను. పక్షి రొమ్ముకండరములు దాని బరువులో ఆరవవంతునకు తక్కువ గావు. మనుష్యునివి నూరవవంతయినను లేవని అతడు గణించెను. అతని మాట లన్నియు నిలువలేదు. నరములనుండి వచ్చు ద్రవము రక్తముతో కలిసి పొంగుటచే కండరము ఉబ్బునని అతడు తలచెను. కండరములోని సన్నని పోగులు ఒకదానినొకటి దాటి జరుగుటచే అది కుదించుకొనునని 1954లో తేలినది. అయినను మీటల లెక్క చెక్కుచెదరలేదు.

బొరెల్లి కడపటి దినములు కష్టములతో నిండినవి. 1667లో పీసాను విడిచి మెస్సీనాకు మరలిన అతడు, స్పెయిను ప్రభుత్వమునకు విరోధముగా పనిచేసెనను అనుమానమునకు గురియై, 1672లో ఆ ఊరు విడిచి రోము చేరెను. స్వీడను సింహాసనమును త్యజించి అచట వసించుచున్న క్రిస్టీనా రాణి అతని నాదరించెను. 1677లో సేవకుడొకడు అతని సొత్తంతయు దోచుకొని పోయెను. డెబ్బదియేండ్ల ప్రాయమున నిరుపేదయైన ఆ పండితునకు, బీదబాలురకు చదువు చెప్పు సన్న్యాసులు సాన్ పంతలేయో మఠమున ఆశ్రయమిచ్చిరి. విశ్వవిద్యాలయములలో ఆచార్యుడైనవాడు అచట చిన్నవారికి గణితము బోధించుచు, బహువత్సరముల శ్రమఫలమగు జంతుచలన గ్రంథమును సిద్ధపరచెను. ముద్రణవ్యయమును రాణి యిచ్చుటకు ఒప్పుకొనెను. కాని 1679 డిసెంబరు 31వ తేదీన బొరెల్లి మరణించెను. గ్రంథము 1680, 1681 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడెను. అచ్చయిన పుటను కర్త చూడనేలేదు.

నేడు అమెరికాలోని జీవయాంత్రికశాస్త్ర సంఘమువారు తమ శ్రేష్ఠమైన బహుమానమును బొరెల్లి పేరిటనే యొసగుచున్నారు. మా విద్యార్థులు ఆటస్థలమున చెండు విసరునప్పుడు తమ మోచేతివంక ఒకసారి చూతురుగాక. మునుపెవ్వరును సరిగా తూచని బలమును అచట తూచి, తన ప్రయాసఫలమును పరులకు విడిచిపోయిన ఆ వృద్ధోపాధ్యాయుని తలంచుకొందురుగాక.